పారబోసిన సారం

ఆ వీధి మలుపులో ఉన్న సెలూన్‌లో కత్తెర పని త్వరగానే అయిపోయేది. ఉపన్యాసమే ఆలస్యం చేసేది. మెడకు గుడ్డ కట్టీ కట్టకముందే ఆయన అడిగే మొదటి ప్రశ్న "పొద్దున్న ఏం తిన్నారు?" అని. ఏం చెప్పినా తప్పే. బ్రెడ్డు అంటే తల అడ్డంగా ఊపేవాడు. ఏమీ తినలేదంటే చేస్తున్న పని ఆపి మరీ అద్దంలోంచి జాలిగా చూసేవాడు. అందుకే వీధిలో అందరూ ఆయనకు ఆకుల మాస్టరు అని పేరు పెట్టారు. అసలు పేరు ఇంటి కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు.

ఎదురుగా ఉండే ఇనుప సామాన్ల కొట్టాయన నవ్వేవాడు. "మెడ మీద కత్తి పెట్టి కాకరకాయ తింటావా లేదా అంటే, తినననే మొనగాడు ఎవడయ్యా?" అనేవాడు. అలా నవ్వుతూనే ఆయనా దారికొచ్చాడు. శీతల పానీయాలు మానేశాడు, నడవడం మొదలుపెట్టాడు, బెల్టుకి కొత్త రంధ్రాలు పొడిపించుకున్నాడు. మాస్టరు ఆ బెల్టు సంగతి వచ్చినవాళ్ళందరికీ తన సొంత బిడ్డ ఘనకార్యంలా చెప్పుకునేవాడు.

చెప్పడమే కాదు, చేసి చూపించే మనిషి. అద్దం కింద దువ్వెనల డబ్బా పక్కన ఇంకో డబ్బా ఉండేది. అందులో కారెట్ ముక్కలు, నానబెట్టిన గింజలు, కమలాపండు తొనలు ఉండేవి. ఒక తలకీ ఇంకో తలకీ మధ్య చేతులు కడుక్కుని నాలుగు ముక్కలు నోట్లో వేసుకునేవాడు. మధ్యాహ్నం మొలకలు, పచ్చి టమాటాలు, ఉడికించిన పాలకూర, దంపుడు బియ్యం అన్నం. సాయంత్రం అరటిపండ్లు. యాభై దగ్గరపడుతున్నా పొట్ట వీపుకి అంటుకుని ఉండేది. ఆ సంగతి నిరూపించడానికి ఎవరు అడిగినా అడగకపోయినా చొక్కా పైకెత్తి చూపించేవాడు.

ఈ పట్టుదల గాలికి వచ్చింది కాదు. ఆయన తండ్రి గిడ్డంగిలో బస్తాలు మోసేవాడు. సాయంత్రం పని దిగగానే బండి దగ్గర నిలబడి ఉప్పు కారం దట్టంగా వేసి వేయించినవి పొట్లాలకు పొట్లాలు తినేవాడు. ఆ పొట్లాలతో పాటు ఒక గ్లాసు పడేది. మాస్టరు బడికి వెళ్ళే వయసులో ఉండగానే తండ్రి ముఖం ఉబ్బింది, కాళ్ళు వాచాయి, ఊపిరి అందకుండా పోయింది. మంచం పట్టిన మనిషి మళ్ళీ లేవలేదు. తల్లి ఏడ్చినంతసేపు ఏడ్చి, ఆ తర్వాత బతికినంతకాలం ఒకటే మాట అంది. "నోరు కట్టుకోలేక పోయాడు. మనల్ని నట్టేట ముంచాడు."

ఆ మాట చిన్నకొడుకైన మాస్టరు మనసులో మేకులా దిగింది. తండ్రి మీద ప్రేమ ఉండాల్సిన చోట కోపం పెరిగింది. ఇద్దరు పిల్లలున్న మనిషి నాలుకను అదుపులో పెట్టుకోలేకపోయాడా అని. తను మాత్రం అలా పోకూడదు, తన పిల్లలు అలా మిగలకూడదు అని అప్పుడే అనుకున్నాడు. పెద్దకొడుకు అదే చావును చూసి ఇంకో పాఠం నేర్చుకున్నాడు. "పోయేవాడు ఎలాగూ పోతాడు, తిని పోతే ఏం పోయింది?" అనేవాడు. పెరిగి లారీ డ్రైవరయ్యాడు. రోడ్డు పక్కన ఏది పొగలు కక్కుతూ కనిపిస్తే అది తిన్నాడు. అన్నదమ్ములు కలిసినప్పుడల్లా భోజనం దగ్గర వాదన జరిగేది. తమ్ముడి కంచంలోకి తొంగిచూసి, మేకకి పెట్టాల్సింది పొరపాటున నీకు పెట్టారేమోరా అని అన్న ఆటపట్టించేవాడు.

పెళ్ళయిన కొత్తలో మాస్టరు భార్యకు ఈ తిండి మింగుడుపడలేదు. ఆవిడ సంచులు కుట్టే కార్ఖానాలో పనిచేసేది. రోజంతా మిషను తొక్కి ఇంటికొస్తే కాస్త రుచిగా తినాలని ఎవరికుండదు? కానీ మాస్టరు పక్కనే నిలబడి ఉప్పు చెంచా పట్టుకున్న చేతి వంక చూసేవాడు. కూర ఉడికించిన నీళ్ళు సింకులో పోయబోతే ఉలిక్కిపడేవాడు. "సారమంతా అందులోనే ఉంది, పారబోయకు" అని, ఆ నీళ్ళలో మిరియాల పొడి కలిపించి తాగించేవాడు. ఏళ్ళు గడిచేసరికి ఆవిడకూ అదే అలవాటైంది. గిన్నె అడుగున చుక్క మిగిలినా పారబోయడానికి చేయి వచ్చేది కాదు.

అయితే ఆయన మరీ రాతిమనిషి కాదు. సెలూన్ సెలవు రోజు సాయంత్రం భార్యాభర్తలూ, వాళ్ళ ఒక్కగానొక్క కూతురూ ముగ్గురూ బేకరీకి వెళ్ళేవాళ్ళు. అక్కడ కూతురు ఏది వేలు పెట్టి చూపిస్తే అది. వెన్న పూసిన కేకో, చాక్లెట్ పూత వేసిందో. "వారమంతా కడుపుకి, ఇవాళ మనసుకి" అనేవాడు. అందరికన్నా నెమ్మదిగా, కళ్ళు మూసుకుని తినేవాడు. కూతురు తన ముక్క గబగబా పూర్తిచేసి ఆయన ముక్క వంక చూస్తే, కళ్ళు తెరవకుండానే సగం విరిచి ఇచ్చేవాడు. డబ్బాలో రోజూ కారెట్లు తీసుకెళుతుందని ఆ పిల్లను బడిలో కుందేలు అని పిలిచేవారు. మొదట్లో ఏడ్చింది గానీ, తర్వాత పడిశం కూడా పట్టని తన ఆరోగ్యాన్ని చూసి తనే గొప్పగా చెప్పుకుంది. చదువయ్యాక కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగంలో చేరింది.

తలనొప్పులు మొదలైనప్పుడు మాస్టరు సెలూన్‌లో ట్యూబులైటు మార్పించాడు. చెప్పులు బిగుతైతే, రోజంతా నిలబడే పని కదా అనుకున్నాడు. పొద్దున లేవగానే కళ్ళ కింద ఉబ్బి ఉంటోందని భార్య చెబితే, నిద్ర చాలలేదని కొట్టిపారేశాడు. తన ఒంటికి రోగం వస్తుందనే ఆలోచనే ఆయనకు తట్టలేదు. తాళం వేసిన ఇంట్లో దొంగ పడతాడని ఎవరు అనుకుంటారు?

ఒకరోజు మందుల షాపాయన జుట్టు సగం కత్తిరించి, మాస్టరు కత్తెర పక్కన పెట్టి ఖాళీ కుర్చీలో కూలబడ్డాడు. గది గిర్రున తిరుగుతోందన్నాడు. ఆ షాపాయన సగం జుట్టుతోనే పరుగెత్తి వెళ్ళి రక్తపోటు చూసే మిషను తెచ్చాడు. ఒకసారి చూసి, నమ్మలేక రెండోసారి చూసి, మెడకున్న గుడ్డ తనే విప్పుకుని మాస్టర్ని ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

రక్తం తీశారు, స్కానింగ్ చేశారు. డాక్టరమ్మ భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి తెర వాళ్ళవైపు తిప్పింది. నల్లటి బుడగలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. రెండు కిడ్నీల నిండా అవే, మంచి భాగం చాలా తక్కువ మిగిలిందని ఆవిడ మెల్లగా వివరించింది. తర్వాత, మీ నాన్నగారు ఎలా పోయారని అడిగింది.

"తిండి వల్ల" అన్నాడు మాస్టరు. ఆ జవాబు ఆయన నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండేదే.

డాక్టరమ్మ వదల్లేదు. ముఖం ఉబ్బిందా, కాళ్ళు వాచాయా, తలనొప్పి అనేవారా, ఏ వయసులో పోయారు అని ఒక్కొక్కటే అడిగింది. ఆయన చెప్పిన ప్రతిదానికీ తల ఊపింది. చివరికి అంది. "మీ నాన్నగారికీ ఇదే ఉండి ఉంటుంది. ఇది తిండితో వచ్చేది కాదండీ. పుట్టుకతో వచ్చేది. ఆయన ఉప్పు తగ్గిస్తే మరి కొన్నాళ్ళు బతికేవారేమో. జబ్బు మాత్రం ఆయన తెచ్చుకున్నది కాదు."

మాస్టరు ఆసుపత్రి మెట్లు దిగుతూ మధ్యలో ఆగిపోయాడు. భార్య కళ్ళు తిరిగాయేమోనని భుజం పట్టుకుంది. ఆయనకు కళ్ళు తిరగలేదు. మంచం మీద ఉబ్బిన ముఖంతో, గొంతు ఎండిపోయి నీళ్ళు అడుగుతున్న తండ్రి కనిపించాడు. గ్లాసు ఇచ్చి ఒక్క మాటా మాట్లాడకుండా పక్కకు వెళ్ళిపోయిన పిల్లవాడు కనిపించాడు. అంత చిన్న వయసులో అంత కోపం ఎలా పెట్టుకున్నాడో ఆయనకే అర్థం కాలేదు. ఆ కోపాన్ని ఇప్పుడు ఎక్కడ దించుకోవాలో అంతకన్నా అర్థం కాలేదు.

మరుసటి వారం ఆసుపత్రిలో తిండి విషయాలు చూసే అమ్మాయి దగ్గరకు పంపారు. రోజూ ఏం తింటారో చెప్పమంది. ఆ ఒక్క ప్రశ్న వినగానే మాస్టరు నడుం నిటారుగా అయింది. ఇన్నాళ్ళకు తనకు తెలిసిన పరీక్ష పెట్టారన్నట్టు, కమలాపండ్లు మొదలుకుని గింజల దాకా వరసగా చెప్పుకొచ్చాడు. ఆ అమ్మాయి వింటూ వింటూ రాయడం ఆపేసింది. చూపు దించుకుని, ఆయన నొచ్చుకోకుండా చెప్పాలని ప్రయత్నిస్తూ చెప్పింది. అరటిపండు వద్దు. కమలా వద్దు. టమాటా, పాలకూర, గింజలు వద్దు. వీటిలో ఉండే పొటాషియాన్ని మీ కిడ్నీలు బయటికి పంపలేవు, అది పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు అంది. ఆపిల్ ఒక చిన్న ముక్క ఫరవాలేదు. ముడిధాన్యం రొట్టె కన్నా తెల్ల బ్రెడ్డే మీకు మేలు అంది.

మాస్టరు ఆ అమ్మాయి నవ్వుతుందేమోనని కాసేపు ఎదురుచూశాడు.

"తెల్ల బ్రెడ్డా?" అన్నాడు.

"అవునండీ. కూరగాయలు తినాలనిపిస్తే చిన్న ముక్కలు కోసి, చాలా నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోయండి. అప్పుడు కొంత బయటికి పోతుంది."

ఇంటికొచ్చాక భార్య అలాగే చేసింది. కారెట్ ముక్కలు పెద్ద గిన్నెలో ఉడికించింది. గిన్నె గుడ్డతో పట్టుకుని సింకు దగ్గరకు వెళ్ళింది. నారింజ రంగు నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. అక్కడే నిలబడిపోయింది. చేయి వంగలేదు. మాస్టరు వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నాడు.

"ఇన్నేళ్ళూ పోయొద్దన్నారు కదండీ" అంది వెనక్కి తిరగకుండా.

ఆయన లోపలికి వచ్చి గిన్నె తీసుకుని తనే వంపాడు. మిగిలిన ముక్కలు చప్పగా, రంగు వెలిసి ఉన్నాయి. ఇద్దరూ వాటిని తిన్నారు. మీరు తినక్కర్లేదు అని ఆయన ఎంత చెప్పినా ఆవిడ వినలేదు.

మందులు వేసుకుంటూ మళ్ళీ సెలూన్ తెరిచాడు. వార్త అప్పటికే వీధంతా పాకిపోయింది. కొందరు జాలిపడ్డారు. జాలి కన్నా ఆశ్చర్యం ఎక్కువ. మీకే ఇలా అయితే మాబోటి వాళ్ళ గతేంటి అనేవారు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆకులు తిన్నవాడికీ అదే, అడ్డమైనవీ తిన్నవాడికీ అదే అన్నమాట అని వాళ్ళలో వాళ్ళు తేల్చుకునేవారు. ఆ మాట వినపడ్డప్పుడల్లా మాస్టరు కత్తెర ఆపి, అది కాదండీ, ఇది తిండి వల్ల వచ్చింది కాదు, మా నాన్న నుంచి వచ్చింది, మీరు మానకండి అని బతిమాలినట్టు చెప్పేవాడు. వాళ్ళు సరే సరే అనేవారు. రోగిని నొప్పించకూడదని అనే సరే అది. ఆయనకు ఆ తేడా తెలిసేది.

ఇనుప సామాన్ల కొట్టాయన ఒకరోజు చేతిలో శీతల పానీయం సీసాతో వచ్చి కూర్చున్నాడు. అద్దంలో మాస్టరు చూపు సీసా మీద పడింది. కొట్టాయన దాన్ని కుర్చీ పక్కన నేల మీద పెట్టాడు. "ఏమనుకోకు మాస్టరూ. ఏదో ఒకటి, ఉన్నన్నాళ్ళు" అన్నాడు. మాస్టరు ఏమీ అనుకోలేదు. జుట్టు కత్తిరించి, మెడ వెనక పౌడరు అద్ది, గుడ్డ దులిపాడు. ఆరోజు ఇంకెవరినీ పొద్దున్న ఏం తిన్నారని అడగలేదు.

మందులతో కొంతకాలమే నెట్టుకురాగలమని, ఆ తర్వాత రక్తం శుభ్రం చేసే మిషనే దిక్కని, దగ్గరివాళ్ళెవరైనా కిడ్నీ ఇస్తే అన్నిటికన్నా మంచిదని డాక్టరమ్మ చెప్పింది. భార్య ముందుకొచ్చింది గానీ రక్తం కలవలేదు. కబురు తెలిసి అన్న లారీని ఎక్కడో ఆపి, బస్సెక్కి నేరుగా ఆసుపత్రికి వచ్చాడు. ఖాకీ చొక్కా మీద ఇంజనాయిల్ మరకలు అలాగే ఉన్నాయి.

"నాది తీసుకోండి డాక్టరుగారూ. ఒక బండికి రెండు ఇంజన్లు ఎందుకు?" అన్నాడు.

ముందు ఆయనకు కూడా స్కానింగ్ చేశారు. అదే తండ్రికి పుట్టాడు కదా. తెర మీద ఒక్క బుడగ కూడా లేదు. అన్న గర్వంగా నవ్వాడు, నవ్వి వెంటనే తమ్ముడి ముఖం చూసి సిగ్గుపడ్డాడు. రక్తపరీక్షల ఫలితం వచ్చేలోపు ఆ రెండు రోజులూ ఇంట్లో అందరికీ ఊపిరి ఆడింది. మాస్టరు భార్య బావగారికి తన చేత్తో వండిపెట్టింది. ఆయన ఆ చప్పటి కూరను ఒక్క ఛలోక్తీ విసరకుండా తిన్నాడు.

రక్తపరీక్షల్లో కథ అడ్డం తిరిగింది. అన్నకు చక్కెర వ్యాధి ఎప్పుడో వచ్చింది. ఆయన ఎన్నడూ చూపించుకోలేదు. ఒంట్లో మిగతావాటితో పాటు కిడ్నీలకు కూడా దెబ్బ మొదలైంది. ఈయన దగ్గర తీసుకుంటే ఇద్దరూ పోతారు అని డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది.

వరండాలో బెంచీ మీద అన్నదమ్ములిద్దరూ కూర్చున్నారు. అన్న తన అరచేతుల వంక చూసుకున్నాడు.

"నాన్నది నీకొచ్చింది, నేను తప్పించుకున్నాన్రా. దేవుడు శుభ్రంగా ఇచ్చినదాన్ని నా చేత్తో నేనే పాడు చేసుకున్నాను. నువ్వు మొత్తుకున్నావు. నేను నవ్వాను" అన్నాడు.

ఈ మాట అన్న నోట వినాలని మాస్టరు ఎన్నో ఏళ్ళు ఎదురుచూశాడు. ప్రతి భోజనం దగ్గరా వాదించింది ఇందుకే. ఇప్పుడు విన్నాడు. విని ఏం చేసుకోవాలి? గెలిచినట్టు లేదు. అన్న భుజాలు అంతకుముందు కన్నా కుంగినట్టు కనిపించాయి.

"ఏమైనా తిన్నావా అన్నయ్యా?" అన్నాడు.

"లేదు. ఏం తినాలో నువ్వే చెప్పు."

మాస్టరు చెప్పాడు. ఏది ఎంత తినాలో, ఏది మానాలో, లారీలో ఏం పెట్టుకోవాలో నెమ్మదిగా వివరించాడు. తను ఇక ముట్టుకోకూడని వాటన్నిటి పేర్లూ ఒక్కొక్కటిగా నోటివెంట వచ్చాయి. అన్న ఈసారి అడ్డు చెప్పలేదు. తల ఊపుతూ, కళ్ళు తుడుచుకుంటూ విన్నాడు.

ఇక మిగిలింది కూతురి సంగతి. ఇంట్లో ముగ్గురికీ ఆ సంగతి తెలుసు, ముగ్గురూ దాని పక్కనుంచి నడిచేవారు. పిల్లలకు రావచ్చు, రాకపోవచ్చు, సగానికి సగం అవకాశం అని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. కావాలనుకున్నప్పుడు స్కానింగ్ చేయించుకోవచ్చు అంది. తర్వాత చూద్దాం అంది కూతురు. ఆ తర్వాత ఆ పిల్ల మధ్యాహ్నం డబ్బా తీసుకెళ్ళడం మానేసింది. సాయంత్రం సంచిలోంచి ఖాళీ చిప్స్ పొట్లాలు బయటపడేవి. చెత్తబుట్టలో వాటిని చూసి మాస్టరు మూత పెట్టేవాడు. ఒకప్పుడైతే ఇల్లు పీకి పందిరి వేసేవాడు. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని అంటాడు? ఆ పొట్లాల వాసన తండ్రి నిలబడ్డ బండిని గుర్తుచేసేది. తల్లి ఒకసారి కూతుర్ని మందలించబోతే, ఉండనీ అన్నాడు.

ఒక సాయంత్రం భోజనానికి కూర్చున్నాక కూతురు చెప్పింది. ఎవరికీ చెప్పకుండా తనొక్కతే వెళ్ళి స్కానింగ్ చేయించుకుందట.

"ఉన్నాయి నాన్నా. చిన్నవే. ఇప్పటికి బాగానే పనిచేస్తున్నాయన్నారు."

తల్లి వడ్డించడం ఆపేసింది. తండ్రి తనకిచ్చాడు. తను పిల్లకిచ్చాడు. తన వాటాలో సగం విరిచి పెట్టినట్టు, తెలియకుండా ఇచ్చేశాడు.

"ఏం చేయమన్నారు?" అన్నాడు మాస్టరు.

"ఉప్పు తగ్గించమన్నారు. నీళ్ళు బాగా తాగమన్నారు. ఆకుకూరలు, పండ్లు, గింజలు తినమన్నారు. బీపీ చూపించుకోమన్నారు. ఎప్పుడైనా ఒకసారి ఏదైనా తింటే ఫరవాలేదట." కూతురు నవ్వబోయింది. "నువ్వు పెట్టిందే. మళ్ళీ అదే పెట్టమన్నారు."

తల్లి కూతురి గ్లాసులో నీళ్ళు పోసింది.

"మరి నువ్వు తిన్నావుగా నాన్నా" అంది కూతురు. ఎత్తిపొడుపు కాదు. చిన్నప్పుడు లెక్క అర్థం కాక అడిగినట్టే అడిగింది.

మాస్టరు కంచం పక్కకు జరిపాడు. ఎంతమంది తలలు పట్టుకుని ఎన్ని జవాబులు చెప్పాడో!

"మా నాన్న కన్నా నేను కొన్నేళ్ళు ఎక్కువే బతికానమ్మా. అది తిండి వల్లో, ఊరికే అలా జరిగిందో, అడిగితే డాక్టరమ్మ కూడా చెప్పలేనంది. తిను, తింటే రాదు అని ఇదివరకులా నీకు చెప్పలేను. తినకు అనీ చెప్పలేను. నాకు తెలియదు."

అంతకుముందు ఏ విషయంలోనూ ఆ ఇంట్లో ఆయన నాకు తెలియదు అనలేదు. కూతురు కంచం వంక చూస్తూ తల ఊపింది. కాస్త తిని లేచింది. ఎంత తిన్నదీ ఆయన చూడలేదు.

వానలు మొదలయ్యేసరికి రక్తం శుభ్రం చేసే మిషను తప్పలేదు. వారంలో సగం రోజులు సెలూన్ తలుపు మూసే ఉంటోంది. మిగతా రోజుల్లో పాత వాళ్ళు కొందరు వస్తారు. ఆయన ఓపిక చూసి, గడ్డం వద్దులే జుట్టు ఒక్కటి చాలు అంటారు. అన్న లారీ ఆగిన చోటి నుంచల్లా ఫోన్ చేసి ఇవాళ ఏం తిన్నాడో చెబుతాడు. చెప్పినవన్నీ నిజం కావని ఇద్దరికీ తెలుసు.

మిషను పక్కన పడుకుని వచ్చిన మర్నాడు ఒళ్ళు పిండేసిన గుడ్డలా ఉంటుంది. అలాంటి పొద్దుట ఆయన ముందుగదిలో మంచం మీదే ఉంటాడు. కూతురు ఉద్యోగానికి తయారవుతూ అటూ ఇటూ తిరుగుతుంది. తల్లి వంటింట్లోంచి ఏదో తినమని చెబుతుంది. టైమైపోయిందని ఆ పిల్ల అంటుంది. ఆ తర్వాత ఫ్రిజ్ తలుపు తెరుచుకున్న చప్పుడు, ఏదో తీసి సంచిలో వేసుకున్న చప్పుడు. మంచం మీద నుంచి వంటిల్లు కనపడదు.

"వెళ్ళొస్తా నాన్నా."

"జాగ్రత్తమ్మా" అంటాడు మాస్టరు. ఏం తీసుకున్నావని అడగడు.